కాపలా ఉంటే కదలదు

మనవరాలు నరసరావుపేట హాస్టల్ నుంచి సాయంత్రం బస్సుకి వస్తుంది. సెలవు రేపు ఒక్కరోజే. తాను వచ్చేసరికి ఇంట్లో కంప్యూటర్‌లోకి కొత్త గేమ్ డౌన్‌లోడ్ అయిపోవాలని, పొద్దున ఫోన్లో చెప్పి తాత చేత మొదలుపెట్టించింది. మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, నూటికి నలభై దగ్గరే ఆగిందే.”

“నెట్ పోయిందేమో. వైఫై డబ్బా మీద పచ్చలైటు ఉందా తాతయ్యా?”

“ఉంది. గేదెకి కుడితి పెట్టొచ్చేసరికి ముప్ఫై కాస్తా నలభై అయింది. వచ్చి కూర్చున్నా, ఆగింది. పొద్దుట్నించి ఇదే వరస. నేనుంటే కదలదు, లేస్తే ఉరుకుద్ది. నేనంటే గిట్టదో ఏందో.”

“దానికి నువ్వెవరో ఏం తెలుసు? కూర్చుని ఏం చేస్తన్నావు?”

“కాపలా.”

“ఊరికే చూస్తా కూర్చున్నావా?”



“పొద్దు పోవొద్దూ. పక్కనే పులీమేకా ఆట బొమ్మ ఉంటే నొక్కా.”

“అయ్యో తాతయ్యా. ఆ గేముల యాప్‌లో ఒక ఆట తెరిస్తే రెండోది దిగటం ఆపేసిద్ది. మూస్తేనే మళ్లీ మొదలవుద్ది.”

“ఇదేం చోద్యమే. ఆటాడితే ఆట దిగదా?”

“దిగదు. ముందు మూసెయ్, సాయంత్రానికి నాకు అందాల. గేములాడితే చెడిపోతారని నన్ను తిట్టేది నువ్వేగా.”

పెద్దాయన తెర మీది మేకల వంక చూశాడు.

“మూడు పులుల్లో రెంటిని కట్టేశా. ఆ మూడోదాన్నీ కట్టేసి మూస్తాలే. నీ బస్సు ఎప్పుడూ ఆలస్యమేగా.”