మాలకొండయ్య నాలుగుసార్లు కొలిపించిన స్థలం

మాలకొండయ్య అని ఉన్నాడు, మా పక్క స్థలం ఆయనదే. రాతి మనిషి. గుండె రాయని కాదబ్బా, ముప్పై ఏళ్ళు క్వారీలో రాళ్ళు కొట్టాడని. పేరు అట్టాగే రాసుకో నాయనా, మార్చబాక, ఆయనేం అనుకోడు. పెళ్ళాం ఆ క్వారీ కాడే జరమొచ్చి పోయిందంట, పిల్లాజెల్లా లేరు. మోకాళ్ళు అరిగిపొయ్యాక, ఉన్న నాలుగు డబ్బులూ పట్టుకుని సొంతూరని వచ్చాడు. వచ్చి ఊరి బయట ఆరు సెంట్లు కొన్నాడు, ఇల్లు లేచిందాకా ఉందామని ఓ మూల టార్పాలిన్ పట్టా కప్పుకుని గుడిసె వేసుకున్నాడు. ఆయనకి తూర్పున వజ్రమ్మ. మొగుడు పోయిన మనిషి, రెండు బర్రెల్ని పెట్టుకుని పాలు పోసుకుంటది. దక్షిణాన కాశయ్య. ఉత్తరాన నేను. పడమర బండ్లు పొయ్యే డొంక. డొంక సంగతి వదిలెయ్యండి, దానికి నోరు లేదు, మా ముగ్గురికీ ఉంది. సొంతూరే గానీ ముప్పై ఏళ్ళ తర్వాత వస్తే ఎవరు గుర్తుపడతారు? 'ఎవరి తాలూకు నువ్వు?' అని అడిగారంట, అరవై ఏళ్ళ మనిషిని, సొంతూళ్ళో. వచ్చిన వారానికే మా ముగ్గురిళ్ళకీ వచ్చి, అక్కా, ఈ పూట మా కాడ ఒక ముద్ద తిందురు రాండి, అని పిలిచాడు. నేనేమన్నా? 'పనుంది మాలకొండయ్యా, ఇంకోసారి చూద్దాంలే' అన్నా. కాశయ్యా అదే మాట. వజ్రమ్మ బర్రె ఈనేటట్టుంది అందంట. ఆ బర్రె ఇంకో నాలుగు నెలలకి గానీ ఈనలా.

సరే. ఇల్లు మొదలుపెడదామని మేస్త్రిని పిలిస్తే ఆ మేస్త్రి ఏమన్నాడంటే, ముందు సర్వేయరుని పిలిపించి కొలిపించుకో పెద్దాయనా, రేపు గోడ లేచాక జానెడు అటో ఇటో అయిందంటే కూలగొట్టమంటారు, అన్నాడు. నిజమే గదా. పొయ్యి కొలతకి చలానా కట్టాడు. తలారి వచ్చి మా ముగ్గురికీ కాగితం ఇచ్చాడు, ఫలానా రోజు కొలత, హద్దుదారులు హాజరు కావాలి అని. హాజరా! పొద్దుగూకులూ పనుందన్నోళ్ళం, కోడి కుయ్యకముందే తయారు. హద్దు గదా మరి! మనం లేనప్పుడు గొలుసు ఇటు జరిగితే ఎట్టా? సర్వేయరు మస్తానుగారు వచ్చాడు, గొలుసు లాగే మనుషులిద్దరొచ్చారు. కొలిచారు, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతారు, మాకాడ సంతకాలు తీసుకున్నారు. అప్పటికి మధ్యాన్నమైంది. మాలకొండయ్య కోడికూరా సంగటీ చేసిపెట్టాడు. ఎంత బాగా చేశాడనుకున్నావ్! తిన్నాం. తిన్నాక లేవబుద్ధి కాలా. కాశయ్య పాత కబుర్లు తీశాడు, వజ్రమ్మ నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది. పొద్దువాలిందాకా ఆడే ఉన్నాం. మాలకొండయ్య మా మొహాలే చూస్తా కూర్చున్నాడు.

ఇక మేస్త్రి ముగ్గు పొయ్యటమే తరువాయి. అప్పుడేమైందంటే, తూర్పు మూల రాయి జరిగిందన్నాడు మాలకొండయ్య. చూస్తే నిజంగానే జానెడు ఆయన స్థలంలోకి వచ్చి ఉంది. మళ్ళీ చలానా, మళ్ళీ తలారి, మళ్ళీ కాగితాలు. మళ్ళీ అందరం పొయ్యాం. మళ్ళీ కొలిచారు, రాయి వెనక్కి పాతారు, మళ్ళీ కోడికూర, మళ్ళీ పొద్దువాలిందాకా కబుర్లు. రెణ్ణెల్లకి మళ్ళీ జరిగింది. మళ్ళీ కొలత. కొలతంటే ఊరికే అవుద్దా? చలానా ఒకటే చూసేరు మీరు. గొలుసు లాగేవాళ్ళకి కూలి, సర్వేయరు బండికి పెట్రోలు, విరిగిన రాయికి కొత్త రాయి, మా అందరికీ కోళ్ళు. మేస్త్రి తలకాయ కొట్టుకున్నాడంట, 'అయ్యా, నీ ఇల్లంతా కొలతలోనే పోయేటట్టుంది' అని. పోతే పోనీలే, హద్దు తేలాల గదా, అన్నాడంట ఈయన.

మూడోసారి జరిగేటప్పటికి ఊళ్ళో నోళ్ళు లేచినయ్. రాయికి కాళ్ళొచ్చినయ్యా? తూర్పున ఉండేదెవరు? వజ్రమ్మ. రాయి పడమరకి జరిగితే లాభమెవరికి? వజ్రమ్మకి. పాలకోసం వచ్చేవాళ్ళు కూడా, వజ్రమ్మా, పాలకొలత సరిగ్గా ఉందా, రాళ్ళ కొలత లాంటిదేనా, అని ఎగతాళి. ఏం, నేను మాత్రం అన్లేదా? అన్నా. ఆ గడప కాడ కూర్చుని నవ్వబాక సుబ్బులూ, నువ్వు కూడా అన్నావు, నేను విన్నా. ఆ మనిషి పాపం నెల్లాళ్ళు పాలు పొయ్యటానికి కూడా తలకాయ వంచుకునే పోయేది.

నాలుగో కొలతనాడు వజ్రమ్మ కొంగు బిగించి వచ్చింది. సర్వేయరు గొలుసు తియ్యకముందే, ఆగండయ్యా, ముందు నా సంగతి తేల్చండి, అంది. ఈ రాయి మీద చెయ్యేసి, పోయిన నా మొగుడి మీద ఒట్టేస్తా. దీన్ని నేను తాకి ఉంటే నా రెండు బర్రెలూ ఈ రోజే పోవాల, అని వంగింది. వంగిందో లేదో, మాలకొండయ్య ఆ అరిగిన మోకాళ్ళేసుకుని పరిగెత్తుకొచ్చి రాయి మీద పడ్డాడు. 'వద్దక్కా! ఒట్టెయ్యబాక! జరిపింది నేనే. మూడుసార్లూ నేనే, మిట్టమధ్యాన్నం మీరంతా కునుకు తీసేటప్పుడు గునపమేసి నేనే జరిపా' అన్నాడు.

మస్తానుగారు దగ్గరకొచ్చి, పెద్దాయనా, నా సర్వీసులో రాయి బయటికి జరిపినోళ్ళని వందమందిని చూశా, సొంత స్థలంలోకి జరుపుకున్నోణ్ణి చూళ్ళా, ఎందుకు చేశావయ్యా? అని అడిగాడు. మాలకొండయ్య లేవకుండానే చెప్పాడు. 'కూటికి రమ్మని పిలిచా సామీ, ఒక్కరూ రాలా. హద్దు అనంగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా ముగ్గురూ వచ్చారు' అన్నాడు.

నేనైతే నేల చూశా. కాశయ్య తువ్వాలు దులుపుకున్నాడు, దాంట్లో ఏమీ లేదు. వజ్రమ్మ ఒక్కతే మాట్లాడింది. 'నీకు తోడు కావాలని నన్ను దొంగని చేస్తావా? నేనుండేది కూడా ఒక్కదాన్నేరా! నేనెవరి రాయి జరిపా?' అనేసి వెళ్ళిపోయింది. ఆ రోజు కోడికూర ఎవరమూ తినలా. సర్వేయరు సిమెంటు తెప్పించి రాయి చుట్టూ పోయించి, ఇక దీన్ని ఎవరూ కదిలించలేరు పెద్దాయనా, అని భుజం తట్టి పొయ్యాడు. ఆ మాటకి మాలకొండయ్య మొహం చూడాల్సింది.

ఇల్లు లేచింది. మిద్దె అనుకున్నది రేకులైంది, రెండు గదులనుకున్నది ఒకటైంది, మిగతాదంతా కొలతలు తినేసినయ్. మేం పోలేదా అంటారా? రోజూ వస్తాంలే మాలకొండయ్యా అని నేనూ కాశయ్యా గట్టిగానే చెప్పొచ్చాం. మూడు రోజులు పొయ్యాం కూడా. తర్వాత శెనక్కాయ పీకుడు వచ్చింది. తర్వాత ఏదో వచ్చింది. పొయ్యేటప్పుడు వచ్చేటప్పుడు చూసేదాన్ని, అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉండేవాడు. చూస్తే పిలుస్తాడేమోనని నేను తల తిప్పుకుని పొయ్యేదాన్ని. సిగ్గు లేకుండా చెప్తున్నా, రాసుకో.

అట్టా ఏడాది తిరిగింది. ఒకరోజు తలారి మళ్ళీ కాగితం తెచ్చాడు. ఇదేందిరా, ఆ రాయి సిమెంటు పగలగొట్టుకుని నడిచిందా అన్నా. కాదు పెద్దమ్మా, ఈసారి చలానా కట్టింది వజ్రమ్మంట, ఆమె స్థలం కొలవాలంట, అన్నాడు. నా స్థలం మూల ఆమెకీ తగులుద్దిలే. పొయ్యి చూస్తే ఏముంది, పొయ్యి మీద ఇంత దబర గిన్నె, నిండా చేపల పులుసు. మాలకొండయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాగితం మడిచి రెండు చేతులా పట్టుకుని, హద్దు అవతలే నిలబడ్డాడు. ఆయన్ని హద్దుదారుగా రమ్మని పిలిచింది అదే మొదలు. ఏడాదిగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. 'ఏం తేడా వచ్చిందమ్మా?' అని మస్తానుగారు అడిగితే, ఏమో సారూ, నాకు అనుమానంగా ఉంది, కొలవండి, అంది. ఆయన ఆ సిమెంటు రాయిని చూశాడు, పొయ్యి మీద దబరని చూశాడు, మారు మాట్లాడకుండా గొలుసు తీశాడు. కొలతయ్యాక మాలకొండయ్య వెళ్ళబోతుంటే, ఆగు, అంది వజ్రమ్మ. హద్దుదారు తినకుండా పోతే సంతకం చెల్లదంట, కూర్చో. ముప్పై ఏళ్ళు రాళ్ళు కొట్టిన మనిషి, అది నమ్మి కూర్చున్నాడు!

ఇప్పుడు ఏడాదికోసారి వజ్రమ్మ కొలిపిస్తది, ఏడాదికోసారి మాలకొండయ్య కొలిపిస్తాడు. ఒక్క అంగుళం తేడా వచ్చింది లేదు. మరి చలానాకి అంత డబ్బు పొయ్యటమెందుకు, తినటానికి రా అని నోటితో అంటే సరిపోద్దిగదా అంటారు మీరు. ఆ మాట ఇద్దరికీ రాదు. ఆయన ఒకసారి అని చూశాడుగా, ఎవరొచ్చారు? నన్నడిగితే, నేను మాత్రం ప్రతి కొలతకీ పోతా. హద్దు గదా, పోకపోతే ఎట్టా?