తంగమ్మకు జడ వేసినవారెవరో

పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నుదుట నామం పెట్టుకున్న ఈ ముసలాడికి చర్చిలో మైకు ఎందుకిచ్చారని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. నా పేరు పరంధామయ్య. ఈడ అంబత్తూరులోనే ఇనప సామాన్ల కొట్టు నాది. మనమందరం ఎవరి కోసం ఇట్లా తల వంచుకుని కూర్చున్నామో, ఆ సలోమమ్మ నా కొట్టు మీది గదిలో అద్దెకుండేది. నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపు చాలు, ఈ మైకు పట్టుకోవడానికి.

పోయిన బుధవారం ఎన్నూరు నుంచి తిరిగి వస్తూ, బస్సులోనే, కిటికీకి తల ఆనించి కన్నుమూసింది. నిద్రపోతోందని కండక్టరు లేపలేదట. ఎంతమంది ఆమె పక్కన కూర్చుని, దిగి వెళ్లిపోయారో. ఒంటరిగా ఎవరూ పోకూడదని ఊరంతా తిరిగిన మనిషి కదమ్మా ఆమె. ఆమెకే అట్లా జరగాలా?

మధ్యాహ్నం ఆమె మెట్లు దిగే వేళకు నా చెవులు ఇప్పటికీ అటే పోతాయి. నిన్న చెప్పుల చప్పుడు వినిపించింది. లేచి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. చెవుల చాదస్తమని తెలుసు. తెలిసినా పైకెక్కి గది తాళం లాగి చూశాను. ఉన్నమాట చెప్తున్నాను.

ఒంగోలు దగ్గర్నుంచి ఈ మద్రాసుకు కోడలిగా వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో చేసింది. భర్త పోయాక, ఆ పనీ మానేశాక, గదిలో గోడలు తనకేసి చూస్తున్నట్టు ఉండేదని ఒకసారి నాతో చెప్పింది. అప్పుడు మొదలుపెట్టింది ఈ తిరుగుడు. మంచాన పడ్డవాళ్లు, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కుని వెళ్లేది. పుణ్యం మూటగట్టుకుంటున్నావా సలోమమ్మా అని వెక్కిరించేవాణ్ణి. "పుణ్యం నా చేత కాదన్నా. నా యేసయ్య ఆ మంచం పక్కన కూర్చోనుంటాడు. నేను పోయి ఆయన పక్కన కూర్చుంటా. నాకు సంతోషం, అందుకే పోతా" అనేది. ఆ సంతోషం ఆమె మొహంలో చూశాను నేను. నా కొట్టులో అంత ఇనుముంది, ఆ మొహంలో ఉన్న గట్టితనం దేనికీ లేదు.

ఎన్నూరులో తంగమ్మ అని ఒక తమిళావిడ. చక్కెర జబ్బుతో చూపు పోయింది, కాళ్లు పడిపోయాయి. కూతురు పొద్దున్నే పనికి పోతే, తలుపు దగ్గరికి వేసిన ఇంట్లో సాయంత్రం దాకా ఒక్కతే. సలోమమ్మ మొదటిరోజు వెళ్లి, మన తెలుగు అలవాటుగా "ఏమైనా అవసరమా అమ్మా?" అని అడిగింది. ఆవిడ "ఎనక్కెన్న అవసరం?" అంది. ఈమె లేచి వచ్చేసింది. "మహా రోషం గల మనిషన్నా, నాకేం అవసరం అనేసింది" అని నా కొట్టు ముందు నిలబడి బాధపడింది.

నేను ఈడ పుట్టినవాణ్ణి. పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మా, అరవంలో అవసరమంటే తొందర. నీకేమైనా తొందరా అని నువ్వు అడిగావు, మంచంలో ఉన్నదానికి నాకేం తొందర అని ఆవిడ చెప్పింది, అన్నాను. సలోమమ్మ నవ్వలేదు. "ఆమె తొందర లేదంటే, నేను తొందరపడి వచ్చేసినానన్నా" అంది. అప్పటికప్పుడు మళ్లీ బస్సెక్కింది. ఆ రోజు తరువాత ఎవరినీ ఏం కావాలని అడగలేదు. పోయి కూర్చునేది. తల దువ్వి జడ వేసేది. అంతవరకే.

ఒకసారి తంగమ్మ తన దేవుడు మురుగన్ మీది పాట వినాలని ఉందంది. ఈమెకు రాదు. నా దగ్గరికి వచ్చి, ఫోనులో పెట్టించుకుని, తీసుకెళ్లి ఆవిడ చెవి దగ్గర పట్టుకుని కూర్చుంది. మీ దేవుడికి కోపం రాదా అని అడిగాను. "తంగమ్మంటే ఆయనకు నాకంటే ప్రేమన్నా. ఆమె నవ్వితే కోపమెందుకు?" అంది.

ఇక అసలు మాట. నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వని మాట.

మొన్న శనివారం నేను ఎన్నూరు వెళ్లాను. సలోమమ్మ ఇక రాదని తంగమ్మకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. తలుపు తోసి లోపలికి వెళ్లేసరికి ఆవిడ మొహం కడిగి ఉంది. కొత్తగా వేసిన జడ భుజం మీద ఉంది. నేను నోరు తెరవకముందే, "సలోమి ఇప్పుడే పోయింది" అంది.

మాట్లాడిందా అని అడిగాను. "గొంతు పట్టేసిందేమో, మాట్లాడలేదు. రోజూ వస్తోంది. జడ వేస్తుంది, చేయి పట్టుకుంటుంది, పోతుంది" అంది. వెళ్లి కూతుర్ని అడిగాను. ఆమె వేయలేదట. చర్చి వాళ్లు ఎవర్నో పంపారనుకుందట. అయ్యగారిని అడిగాను. ఆయన ఎవరినీ పంపలేదు.

నేను తంగమ్మకు ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

ఎవరమ్మా ఆ వెళ్తున్నది? మీలో ఒకరేనని నా నమ్మకం. మీలో ఎవరూ కాకపోతే... ఆ ఆలోచన దగ్గర నేను నిలబడలేను, నన్ను క్షమించండి.

చేయెత్తమని అడగను. పేరు నాకొద్దు. నువ్వెవరైనా సరే తల్లీ, ఒక్కటే అడుగుతున్నాను. తంగమ్మకు అబద్ధం మిగల్చకూడదు. సలోమమ్మ పోయిందన్న మాట నా నోట వింటే ఆవిడకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నువ్వే చెప్పు. జడ వేసిన చేతిని పట్టుకునే ఆవిడ ఏడవనీ.

ఇప్పుడు అందరం లేద్దాం. గడియారం చూడకుండా, సలోమమ్మ కోసం కొంచెంసేపు మౌనంగా నిలబడదాం. తల వంచే ఉంచండి. పక్కన నిలబడ్డవారి మొహం ఎవరూ చూడొద్దు.