వుకాషిన్ పెళ్ళిలో ఊడని విగ్గు

"ఆగరా తిహోమిర్, నీ పడవని ఎవరూ ఎత్తుకుపోరు, ఇంకో గ్లాసు రాకియా పోయించు, చెబుతాను. విగ్గు ఎవడైనా పెడతాడు. పెట్టుకున్నవాడు గంతులేసినా అది కదలకుండా ఉంచడం, అదీ పని! ఈ రేవులో ఆ పని తెలిసిన మంగలి రాడివోయె ఒక్కడే, అంటే నేనే. నవ్వకు దేసాంకా, ముందు గ్లాసు నింపు.

మన వుకాషిన్ పెళ్ళి సంగతి ఇది. ముప్పై నిండకుండానే వాడి నెత్తి పుచ్చకాయలా నున్నగా అయిపోయింది. పిల్లేమో స్టామెన్కా, కొండమీది ఊరు. వాళ్ళ నాన్న పొట్టేలుని కొమ్ములు పట్టుకుని పడగొట్టే రకం. 'బట్టతలవాడికి పిల్లనిచ్చేది లేదు' అని ఒట్టు పెట్టుకున్నాడాయన. పెళ్ళిచూపులు టోపీతో గడిచిపోయాయి. పెళ్ళిలో టోపీ తియ్యాలి కదా! ఆపైన కోలో. అందరూ చేతులు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఎగరాలి. ఒక చెయ్యి పెళ్ళికూతురు పట్టుకుంటుంది, రెండో చెయ్యి మామగారు పట్టుకుంటాడు. మరి విగ్గు జారితే ఎవడు పట్టుకుంటాడు? 'అన్నా, ఇది ఊడిందా, నా పెళ్ళి కూడా ఊడినట్టే' అని నా దగ్గర ఏడ్చాడు పాపం.

నేనేం చేశానంటే, ముందు వాడి నెత్తిని రాకియాతో కడిగాను."

"రాకియాతోనా? నువ్వా బాబాయ్?" అంది ఆ రేవు సారాకొట్టు కఫానా నడిపే దేసాంకా.

"జిడ్డుంటే జిగురు పట్టదమ్మాయ్! మిగిలింది మేం తాగాం, అది వేరే సంగతి. విగ్గు అంచు వెంబడి జిగురు రాసి, వేలికి బంక తగిలేదాకా ఆగి, నుదుటి దగ్గర్నుంచి వెనక్కి అదిమాను. మెడ మీద టేపు. 'తల ఊపరా' అన్నాను. ఊపాడు. చెవులు కదిలాయి గాని విగ్గు కదల్లేదు.

కోలో మొదలైంది. మొదటి పాటకి వాడి బూటు మడమలు ఊడాయి, విగ్గు ఊడలేదు. రెండో పాటకి వాడితో పోటీపడి ముగ్గురు కుర్రాళ్ళు సొమ్మసిల్లారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోశావా గాలి లేచింది! మామూలు గాలా అది? చర్చి గంటలు వాటంతటవే మోగాయి. ఫాదర్ గారి గడ్డం చెవి చుట్టూ చుట్టుకుంది. వాయించేవాడు పక్కన పెట్టినా అకార్డియన్ దానంతటదే వాయించుకుంటోంది. విగ్గా? ఒక్క వెంట్రుక లేవలేదు!"

"గాలి నిజమే అనుకో," అన్నాడు పడవ నడిపే తిహోమిర్.

"గాలిదేముందిరా, గద్ద మాట విను! ఆ నల్లటి ఉంగరాల జుట్టు చూసి గొర్రెపిల్ల అనుకుని దిగింది. గోళ్ళు దించి లాగింది. జిగురు ఎవరిది? నాది! విగ్గు రాలేదు, వుకాషినే పైకి లేచాడు."

"మనిషే?"

"మనిషేంటి, కోలో మొత్తం! ఎవడూ చెయ్యి వదల్లేదుగా. అటు పెళ్ళికూతురు, ఇటు మామగారు, ఆ వెనక పెళ్ళివారంతా, చివర నేను. చూరుకి కట్టిన మిరపకాయల దండలా వేలాడుతూ డాన్యూబ్ దాటాం! మామగారు అంత ఎత్తున కూడా 'ఏం జుట్టయ్యా అల్లుడూ!' అని మురిసిపోతున్నాడు. రుమేనియా గట్టు మీద కాపలావాడు తుపాకీ ఎత్తి 'పాస్‌పోర్టులేవీ?' అని అరిచాడు. 'చేతులు ఖాళీ లేవు నాయనా' అన్నాను."

"మరి తిరిగొచ్చిందెలా?"

"ఆటతోనే! మేం కుడికి అడుగేస్తే గద్ద కుడికి తిరిగింది. రెండు చరణాలు అయ్యేసరికి దానికీ కోలో వచ్చేసింది. మళ్ళీ ఇదే రేవులో, సరిగ్గా భోజనాల వేళకి..."

"ఎవరి పెళ్ళి బావగారూ అది?"

చేపల బుట్ట చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పెద్దావిడ స్టామెన్కా. వుకాషిన్ భార్య. రాడివోయె గ్లాసు నోటి దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

"ఏం లేదమ్మా, ఊరికే..."

"మొదటి పాట సగంలోనే విగ్గు ఊడి సూప్ గిన్నెలో పడిందిగా! ఫాదర్ గారు గరిటెతో తీసి, 'కుందేలు మాంసమా?' అని అడిగారు కూడా."

దేసాంకా ఏప్రన్ అంచుతో నోరు మూసుకుంది. "మరి మీ నాన్నగారి ఒట్టు?"

"ఆట ఆగిపోయింది. ఈయన సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యి విడిపించుకోబోయాడు. నేను వదల్లేదు. మా నాన్న ఆ గుండు చూశాడు, నా చెయ్యి చూశాడు. 'వదలవా?' అన్నాడు. 'వదలను' అన్నాను. కాసేపు మీసం నములుకుని, 'అయితే వాయించండ్రా!' అని అరిచాడు. పొద్దుగూకేదాకా ఆడాం, నేల మీదే."

బుట్ట దేసాంకా చేతికిచ్చి రాడివోయె వైపు తిరిగింది.

"ఆ రోజు గాల్లోకి లేచినవి రెండే, బావగారూ. ముందు విగ్గు, దాని వెనకే మా కంచె మీంచి దూకి పారిపోతూ మీరు."