హాల్లో మీరు నవ్విన నవ్వు

ఆదివారం సాయంత్రం నాలుగూ పదికండీ. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావంటారా? గోడ గడియారం కిందే కదా మీ ఫోటో. ఆ మనిషి ఆ మాట అనగానే మీ మొహంలోకి చూశాను, పైన ముళ్ళు కనపడ్డాయి. ఒక్క మాట నాతో చెప్పి పోకూడదటండీ మీరు?

కోపంగా అనడం లేదు. నాకు కోపం రాదని మీరే వెక్కిరించేవారు, తిట్టినా దీవించినట్టే ఉంటుందని. ఇవాళ కూడా అలాగే ఉంటుంది, వినండి.

టీవీలో మన లాడ్జి మేనేజరు హాస్య కార్యక్రమం ఆపేశారు. అదేనండీ, అన్ని గదుల తాళాలూ నడుముకి వేలాడేసుకుని, తన గది తాళం మాత్రం ఏనాడూ దొరక్క మెట్ల మీద పడుకునే ఆ బట్టతలాయన. ఇక కొత్తవి తీయరట. పాతవి కొన్ని పొద్దున్న పూట వేస్తున్నారు, అవీ ఈ వారంతో సరి.

పోతే పోయింది, టీవీలో నవ్వించేవాళ్ళకేం కరువు అంది ఎదురింటావిడ. ఆవిడకేం తెలుసు? మేం ఆ మేనేజరు కోసమా చూసింది?

మీ లైబ్రరీలో ఎవరో ఇచ్చారని ఒకే ఒక్క పాసు పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ షూటింగుకి వెళ్ళారు చూడండి, అక్కడ మొదలైంది ఇదంతా. వచ్చేసరికి మీ మొహం వెలిగిపోతోంది. ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చోబెట్టారనీ, గొంతు పోయేలా నవ్వాననీ చెప్పారు. ఆ ముక్క టీవీలో వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మేనేజరు తాళాల గుత్తి నూతిలో పడేసుకున్నాడు. అప్పుడొచ్చింది ఆ నవ్వు. బల్ల ఈడ్చినట్టు కిందనుంచి మొదలై, పైకెక్కి, మధ్యలో తెగి, చివర్లో హమ్మయ్య అన్నట్టు దిగింది. మీరు వేలెత్తి టీవీ వైపు చూపించారు.

"అదుగో, నేను."

మరి ఇంట్లో ఎప్పుడూ ఇలా నవ్వరేం అని అడిగాను. అడిగాను కదండీ? ఇల్లు వేరు, హాలు వేరన్నారు. నలుగురిలో ఉంటే గొంతు దానంతటదే తెరుచుకుంటుందన్నారు. నిజమే కాబోలనుకున్నా. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద ఉద్యోగమంతా గడిపిన మనిషి కదా, లోపల దాచుకున్నదంతా అక్కడ బయటపడింది కాబోలని ఎంత పొంగిపోయానో. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నా, మా ఆయన ఒక్కచోటైనా మనసారా నవ్వాడు స్వామీ అని.

తర్వాత వారం వారం అదే నవ్వు. ఒకసారి పట్టుకున్న నవ్వుని వాళ్ళు దాచుకుని వాడుకుంటారని మీరే చెప్పారు. అబ్బాయి క్లాసంతా చెప్పుకున్నాడు. కోడలు కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, ఇంట్లోవాళ్ళందరినీ చూపించాక, టీవీ పెట్టి ఇదీ మీ మావగారే అని ఆ నవ్వుని కూడా పరిచయం చేశాం. పాపం, తల మీద కొంగు సర్దుకుంది. ఆ నవ్వు వచ్చేవేళకి ఈ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఉండేది కాదు.

మీకు మాత్రం నవ్వు కన్నా దాని ముందు ఉండేదే ఇష్టం. పాత సినిమాల్లో హాస్యగాళ్ళని చూస్తున్నా, మనవరాలు ఫోన్లో పెట్టే ఆ నిలబడి జోకులు చెప్పే పిల్లని చూస్తున్నా, అసలు మాట రాబోయే ముందు చెయ్యెత్తేవారు. అందరం నోళ్ళు మూసుకునేవాళ్ళం. "నవ్వొచ్చేది మాటకి కాదే, దాని ముందు ఆగుతాడు చూడు, అక్కడ" అనేవారు. ఆ పిల్ల వాళ్ళత్తగారి మీద చెప్పిన జోకుకి మన కోడలు నావంక చూసి చటుక్కున తల దించుకుంది, గుర్తుందా? దాన్ని మీరు వారం రోజులు ఏడిపించారు.

మీరు పోయాక చూసుకుంటే ఫోటోలున్నాయి, కళ్ళజోడుంది, చెప్పులున్నాయి. గొంతు లేదు. ఫోన్లో పలకమంటే తలూపే మనిషి మీరు, మీ గొంతు ఎక్కడుంటుంది? ఉన్నదల్లా ఆ నవ్వు. సాయంత్రం దేవుడి దగ్గర కూర్చుని లేచి, టీవీ ముందు కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని. మనవరాలు, అదే మన పిచ్చుక, నానమ్మ టీవీకి కూడా ప్రార్థన చేస్తుందని బళ్ళో చెప్పొచ్చింది. దేవుడు క్షమించుగాక, రెంటికీ పెద్ద తేడా ఉండేది కాదు నాకు.

అందుకే ఆపేస్తున్నారనగానే అబ్బాయి ఆ స్టూడియో చుట్టూ తిరిగాడు. నాన్న నవ్వు ఒక్కటి చాలు, కాపీ చేసి ఇమ్మని. వీడు ఎవరెవరినో అడిగితే, అక్కడ మొదట్నుంచీ సౌండు చూసినాయన, ఇప్పుడు పని మానేశాడట, ఆయన దయతలచి ఇంటికే వచ్చాడు. అదే ఆదివారం.

పెద్ద మనిషి. చెప్పులు బయట విడిచి, టీ వద్దని, మంచినీళ్ళు తాగాడు. అబ్బాయి విషయం పూర్తిగా చెప్పలేదట ఆయనకి, మా ఇంట్లో అందరికీ ఆ నవ్వంటే ఇష్టమని మాత్రం చెప్పాడట. చెబితే డబ్బులడుగుతారని భయం. జేబులోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీసి టీవీకి గుచ్చాడు. వచ్చిందండీ మీ నవ్వు. పాటలేదు, మాటలేదు, ఆ బట్టతలాయన లేడు. ఒక్క నవ్వే. బల్ల ఈడ్చినట్టు మొదలై, పైకెక్కి, తెగి. కోడలు కళ్ళొత్తుకుంది. నేను మీ ఫోటోకి దణ్ణం పెట్టాను.

పిచ్చుక వెళ్ళి ఆయన పక్కన నిలబడి, తాతయ్యవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది.

ఏ తాతయ్యమ్మా అన్నాడాయన.

అబ్బాయి ఫోటో చూపించి, షూటింగు సంగతి, ముందు వరస సంగతి అంతా చెప్పాడు. ఆయన వింటూ వింటూ గ్లాసు కింద పెట్టేశాడు. ఏదో ఒకటి అనేసి వెళ్ళిపోవచ్చుగా? నేనైతే అదే చేసేదాన్ని. ఆయనకి చేతకాలేదు.

"అమ్మా, ఈ నవ్వు, కార్యక్రమం మొదలుకాకముందే మేం బయట కొన్నది. హాల్లో మేం పట్టింది చప్పట్లు మాత్రమే."

అప్పుడే నేను మీ వైపు చూసింది.

ఆయన ఇంకా చెప్పాడు, పాపం, ఊరుకోలేక. దానికి పేరు కూడా లేదట, 'పెద్దాయన రెండు' అని పెట్టుకున్నారట. 'పెద్దాయన ఒకటి' అన్నదాంట్లో నవ్వుతూ దగ్గుతాడట. ఎవరో, ఏ దేశపువాడో, ఏ జోకుకి నవ్వాడో కూడా తెలీదట. వేరే కార్యక్రమాల్లో కూడా వాడారట. వెళ్ళేటప్పుడు నాకు చేతులు జోడించాడు. పెన్‌డ్రైవ్ మాత్రం తీసుకోలేదు, టీవీకే ఉండిపోయింది.

మీరు నిజంగా అది మీదే అనుకున్నారా, లేక మమ్మల్ని ఆటపట్టించారా? జోకు చెప్పబోయి చివరి మాట ముందే చెప్పేసే మనిషి మీరు. ఇంత పెద్ద జోకు వేసి, ఆ చివరి మాట చెప్పకుండా పట్టుకుపోయారా?

రాత్రంతా మీ అసలు నవ్వు గుర్తు చేసుకుందామని చూశానండీ. ఈ ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరికి ఏ జబ్బు చేసిందో, మీ నాన్నగారు ఆఖరిరోజు ఏమన్నారో అన్నీ నన్నే అడుగుతారు. మీ నవ్వు అనుకుంటే చాలు, ఆ పెద్దాయన రెండే వస్తాడు.

సోమవారం పొద్దున్నే అబ్బాయి మీ అక్కయ్యకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. అత్తయ్యా, నాన్న ఎలా నవ్వేవారు అని అడిగితే ఆవిడ అదేం ప్రశ్నరా అంది.

"వాడి నవ్వుకి చప్పుడెక్కడిది? భుజాలే కదరా కదిలేది. కళ్ళల్లో నీళ్ళొచ్చేవి, అంతే."

ఇంకా ఏదో చెబుతోంది, చిన్నప్పుడు బళ్ళో అందరూ నవ్వి దొరికిపోతే వాడొక్కడే దొరికేవాడు కాదని. అబ్బాయి ఫోన్ పెట్టేశాడు.

టీవీ పెట్టాం. మేనేజరు కార్యక్రమమే వస్తోంది. కోడలు రిమోట్ తీసుకుని చప్పుడు తీసేసింది. ఎవరూ చెప్పలేదు, తనే తీసేసింది. నూతిలో తాళాలు పడ్డ ముక్కే. ఆయన నోరు తెరిచి నూతిలోకి చూస్తున్నాడు. పిచ్చుక భుజాలు కుదిపి, ఇలాగేనా నానమ్మా అని నా మొహంలోకి చూసింది.

ఏం చెప్పమంటారు? నేను చూస్తే కదండీ. మీరు ఇదే కుర్చీలో, నా పక్కనే భుజాలు కుదుపుకుంటూ కూర్చుని ఉంటారు. నేను మాత్రం మీ నవ్వు ఎప్పుడొస్తుందా అని టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్ళూ.

మీరు చెయ్యెత్తినప్పటిలాగే ఉండిపోయాం అందరం. కాసేపు ఆగాం. ఏమీ రాలేదు. కోడలు లేచి, తాగని టీ కప్పులు తీసుకెళ్ళి కడిగేసింది.