బయ్యన్న పిస్తోలుకు లక్క పిడి

ఇచ్చేసొచ్చినారా టేషన్లో? ఎలక్షనొచ్చిందంటే మీ ఇంటి పిస్తోలుకు పోలీసోళ్ల బీరువాలో నిద్రే కదప్పా. రా హర్షా, ఈడ నీడకు కూర్చో. నా మోకాళ్లను చూడొద్దు, అవి కూర్చుంటే లేయవు, లేస్తే కూర్చోవు. ఏందీ? యస్సై అడిగినాడా, పిడి మొదుట్లో ఈ నల్లగా కరుసుకున్నదేందని? మీ నాయనేం చెప్పె? తుప్పా? హహ్హహ్హ! తుప్పంట! వాళ్ల నాయన కత చెప్పుకునేకి వానికి సిగ్గయింటాది. అది తుప్పు కాదు సామీ, లక్క. కొడవలి పిడికి పోస్తారే, ఆ లక్క. పిస్తోలుకు లక్క పోయించినోడు ఈ జిల్లా మొత్తం మీద మీ జేజినాయన బయ్యన్న ఒక్కడే. అప్పుడు నువ్వు నిక్కరు నిలబడని పిల్లోనివి, నీకేం తెలుసు.

బయ్యన్న చేతులు నీకు గ్యాపకముండాయా? ఒక్కోటి జొన్నరొట్టెంత. శెనక్కాయ పీకేటప్పుడు మనం ఒక చెట్టు పీకితే ఆయప్ప ఒక గుత్తి పీకేసేది. అట్లాంటి మనిషి కొన్న పిస్తోలు చూసినావు గదా, బిడ్డలాడుకునే సామానం మాదిరి. బెంగుళూరులో రిటైరైన మిలటరీ ఆయన అమ్ముతాండాడంటే లైసెన్సు కాగితాలన్నీ సరిజేసుకుని పోతిమి, జీపు తోలింది నేనే. 'చిన్నదైతే జేబులో పడతాదిలే తిప్పయ్యా' అనె. జేబులో అయితే పడె, చేతిలోనే పట్టల్యా. ఎందుకు కొన్న్యాడంటావా? వాళ్ల బావ నారాయణప్ప కొన్న్యాడని. నారాయణప్ప ఎందుకు కొన్న్యాడంటే, బయ్యన్న కొంటాడేమోనని. నారాయణప్ప ఎవురో తెలుసు గదా, మీ జేజినాయన చెల్లెలు రామసుబ్బమ్మ మొగుడు. సర్పంచి ఎలక్షన్లో బావాబావమరుదులు చెరో పక్క నిల్చుకుండ్రి. ఎలక్షనైన వారానికి నారాయణప్ప చీనీచెట్లు ఎవురో నరికేసిరి. నువ్వే నరికించినావని ఆయప్ప, నా బిడ్డల మీద ప్రమాణం నేను కాదని ఈయప్ప. ఎవురు నరికినారో ఇప్పటికీ తెలీదు. నారాయణప్ప మాత్రం పెండ్లాంతో, 'మీ అన్న గడప తొక్కితే మల్ల నా గడప తొక్కద్దు' అనేసె. అంతే, ఆయమ్మ పుట్టినింటికి రావడం నిలిచిపాయె. నరికిన చెట్లు మల్ల చిగిర్చె, కాయలు కాసె. వీళ్ల పౌరుషం మాత్రం అట్లనే మోడై నిలిచె.

సరే, మొదుటి దినం కాల్చిన కత విను. చేను గట్టు మీద పగిలిన కడవ బోర్లించి, 'జరగండి, జరగండి' అని అందర్నీ ఎనక్కి తోలి కాల్చె. కడవకు ఏం కాల్యా. 'అబ్బా' అని అరిసింది మీ జేజినాయనే! పిడి పొట్టిది గదా, పిడికీ ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కమ్మీకీ నడాన సందు ఉండాది. ఆ సందులో ఈయప్ప మధ్యేలు దూరె. గుండు పోతూనే పిస్తోలు ఎనక్కెగిరి ఆ కమ్మీ ఏలి కణుపు మీద ఠక్కుమని కొట్టె. రోంచేపటికే ఏలు లేత వంకాయ మాదిరి వాచె. మీ జేజి వనజాక్షమ్మ గమ్మునుంటాదా? 'ఏమయ్యా, అది మీ బావను కొట్టేకి తెచ్చినావా, నిన్ను కొట్టేకి తెచ్చినావా?' అనె. ఎస్టీడీ బూతులో నుంచి మిలటరీ ఆయనకు ఫోను చేస్తే, ఆ సందులో పెట్టేకి ఒక ముక్క వస్తాది, అడాప్టరంటారు, ఏలు ఆనుకునేకి బాగుంటాది, కాకపోతే ఫారిన్నుంచి రావల్ల, ఆర్నెల్లు పడతాది అని చెప్పె. అడాప్టరంటే మాకు తెలిసింది టేపురికార్డరుకు ఉండేది! ఈయప్ప ఫోను పెట్టేసి, 'ఆర్నెల్లంట తిప్పయ్యా. అంతవరకు మా బావ ఆగుతాడా?' అనె. వాళ్ల బావ పాపం చీనీకాయలు లారీకెక్కించుకుంటాండాడు, ఈయప్పను కొట్టేకి తీరికే ల్యాదు ఆయప్పకు.

ఇంగ పట్టుకొచ్చె చూడు కొడవళ్లకు పిడులేసే మద్దిలేటిని. వాడు పిస్తోలును అటూ ఇటూ తిప్పి, 'పిడి ఊగుతాందా అన్నా?' అనె. 'ఊగల్యా, చాలల్యా' అనె బయ్యన్న. 'చాలకపోతే లక్క పోద్దాం' అనె వాడు. వానికి ఏ రోగానికైనా లక్కే మందు. అయితే అచ్చు కావల్ల గదా? మీ ఇంట్లో నుంచి ఒక సంగటి ముద్ద తెప్పించి, ఉడుకుడుకుది, ఆ సందులో అద్ది, 'పట్టన్నా, గట్టిగా పట్టు' అనె. ఏళ్ల అచ్చులు దిగబడె. మీ జేజి పొయ్యి కాడ నుంచి చూసి, 'సంగట్లోకి పిస్తోలు నంజుకుంటాండావా, ఊరిబిండి కూడా తెమ్మంటావా?' అనె. నగలేక సచ్చిపోతిమి. ఆ అచ్చు చూసుకుంటా మద్దిలేటి లక్క కరగబెట్టె. 'ఉత్త లక్కయితే దెబ్బకు పగుల్తాదన్నా, మైనం కలుపుదాం' అనె. రంగు కలిసేకి మసి కూడా కలిపె. ఆరినంక కాలిస్తే, కడవ పెంకులు పెంకులు! ఏలికి చురుకు కూడా తగల్యా. ఆ పొద్దు మీ జేజినాయన సంబరం చూడల్ల. ఉరవకొండ టీ హోటల్లో కూర్చుని, వచ్చినోనికీ పోయినోనికీ చూపించేది. 'ఫారిన్లో ఆర్నెల్లప్పా, మనకాడ ఒక పూట!' అనేది. మద్దిలేటి పేరు మాత్రం ఎత్తడు, తానే పోసినట్ల. ఒకటే కష్టం, ఆ లక్క కూర్చున్నంక అది జేబులోనూ పట్టకపాయె, తోలు సంచిలోనూ పట్టకపాయె. చేతిలో పట్టుకుని తిరగల్ల, ల్యాకుంటే జీపులో అద్దం కింద పెట్టల్ల.

అంతలో మీ రేఖత్త పెండ్లి కుదిరె. మీ ఇంట్లో పెండ్లంటే మొదుట పసుపు దంచల్సింది ఇంటి ఆడబిడ్డ. ఆమె చెయ్యి రోకలి మీద పడినంకనే కడమోళ్లు పట్టల్ల. ఊరందరి ముందర మీసం మెలేసుకుని తిరిగే మనిషి, జీపులో నా పక్కన కూర్చుంటే చాలు, కండ్లనీళ్లు పెట్టుకునేటోడు. 'నా రామసుబ్బ రాకుండా నా బిడ్డకు పసుపెట్ల పూస్తారు తిప్పయ్యా? తల్లి పోయినంక దాన్ని సంకనేసుకుని సాకినోన్ని నేను. నా ఇంట్లో బువ్వ తిని ఎన్నేండ్లాయె అది!' మీ బావ కాడికి పోదాం పా అంటే, వాడు ముందు రావల్ల అనేటోడు. సరే, ఆ మాట ఎట్ల చేరెనో రామసుబ్బమ్మకు చేరె. ఆయమ్మ ఏమన్నా సామాన్యురాలా? ఇద్దురికీ ఒకటే కబురు పంపె. 'ఉరవకొండ రోడ్డులో శెనక్కాయ మిల్లుకు రండి. అది మా అన్నదీ కాదు, నా మొగునిదీ కాదు. ఇద్దురి పిస్తోళ్లూ నా ముందర చేటలో పెట్టల్ల. పెట్టినోడు నా మనిషి. పెట్టనోడు నేను సచ్చినా నా మొగం చూసేకి రావద్దు' అని. మొగునికీ అదే, అన్నకీ అదే.

బయ్యన్న తెల్లపంచె కట్టుకుని ఎక్కె జీపు. గుండ్లన్నీ తీసి ఇంట్లోనే పెట్టొచ్చె. చెల్లెలి ముందరికి గుండ్లున్న పిస్తోలు తీసుకుపోతానా అనె. పిస్తోలు అద్దం కింద పెట్టె. మంచి ఎండాకాలం, మన ఎండలు నీకు చెప్పల్నా, బండల మీద కాకి వాలితే కాలెత్తుకుని ఎగిరేది. నడి దావలో టైరు పంచరు. నేను స్టెప్నీ ఎక్కించేదాకా పిస్తోలు ఆ అద్దం కింద ఎండలో వేగతాండాది. మిల్లు కాడికి పోయి దిగేటప్పుడు బయ్యన్న దాన్ని తీసుకుని, 'అబ్బ, కాలుతాందే' అనె. మల్ల గట్టిగా పట్టి, మొగమంతా ఎలిగిపోయి, 'తిప్పయ్యా, పిడి ఏం కూర్చుండాది రా ఈ పొద్దు! ఇంత బాగా ఎప్పుడూ కూర్చోల్యా' అనె. నాకప్పుడన్నా తోచల్లనా? తోచల్యా. ఆయప్ప చేతికి సరిగ్గా అమరిందని నేనూ సంతోషపడితి.

మిల్లు లోపల తాడిపత్రి బండలు పరిచింటారు, చల్లగుండాది. మూటల మీద ఒక పక్క నారాయణప్ప, వాళ్ల మనుషులు. ఒక పక్క మేము. నడాన రామసుబ్బమ్మ, ముందర పసుపు రాసిన చేట. ఎవురూ ముందుగా ఆ మాట ఎత్తరే! వానలు, శెనక్కాయ రేటు, ఎవురి బోరు ఎండింది, ఇవే ముచ్చట్లు. మీ జేజినాయన పట్టిన పిస్తోలు పట్టినట్లే తొడ మీద పెట్టుకుని, పైన టవలు కప్పుకుని కూర్చునె. ఎండకు మెత్తబడిన లక్క ఆ చల్లదనానికి లోపల గట్టిపడతాండాది, మాకెవురికీ తెలీదు. కడాకు నారాయణప్ప లేసె. అంత పౌరుషమున్నోడు, తన పిస్తోలు తీసి చేటలో పెట్టి పోయి కూర్చునె. నా గుండె నిమ్మళించె, సగం పని అయిపాయె అనుకుంటి. బయ్యన్న టవలు తీసె. చెయ్యి చేట మీదికి చాచె. పిస్తోలు వదలల్యా. చెయ్యి ఇదిలిచ్చె. వదలల్యా. మల్ల ఇదిలిచ్చె, దాని మూతి నారాయణప్ప పక్కకు తిరిగె! ఆళ్ల మనుషులు మూటల ఎనకాల పడిరి. గుండ్లు ల్యావని తెలిసిన నేనే ఒక మూట ఎనకాల పడితి, ఇంగ ఆళ్లెంత? నారాయణప్ప మాత్రం కదలకుండా కూర్చుని, 'చూసినావా రామసుబ్బా మీ అన్న మనసు? నేను పెట్టినంక చూపిస్తాండాడు' అనె. మీ జేజినాయనకు చెమటలు. లక్క అంటుకుందని చెప్తే మానం పోతాది, చెప్పకపోతే చెల్లెలు పోతాది. ఆయమ్మ చేట ఇంగా ముందుకు జరిపె. 'ఏమన్నా, పెట్టవా?' 'పెడతానమ్మా... రాల్యా.' 'ఏం రాల్యా? మనసా?' 'చెయ్యి!' అని అరిసె బయ్యన్న. అరిసి, ఆ పెద్ద మనిషి, ఆ తెల్లపంచెతోనే నేల మీద మోకాళ్లూని, చెయ్యీ పిస్తోలూ అన్నీ కలిపి చేటలో పెట్టేసె. 'పిస్తోలు ఒక్కటే రాదంటాందమ్మా. ఇదో, చెయ్యితో సహా నీకే ఇచ్చేస్తాండా, తీసుకో' అనె.

రామసుబ్బమ్మ వంగి చూసె. ఏళ్ల సందుల్లో నల్లగా, పిస్తోలూ చెయ్యీ ఒకటే అయిపోయిండాయి. నారాయణప్ప కూడా వచ్చి వంగి చూసె. చూసి, మొదలుపెట్టె చూడు నగేది! మిల్లు రేకులు అదిరె. 'బావా, దీనికి భయపడా ఇన్నేండ్లు నేను తలగడ కింద పిస్తోలు పెట్టుకుని పండుకునింది!' అని నేల మీద కూర్చుండిపాయె. మల్ల ఆయప్పే లేసి కుండలో చల్లనీళ్లు తెచ్చి పోసె, లక్క చిట్లె. మిల్లులో నూనెకేం కొదవ, శెనగనూనె పోసి, బావమరిది చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ఏలే ఊడబీకె. 'చిటికెనేలు వచ్చేసింది బావా!' అని ఆయప్ప అరిసేది, 'మెల్లగరా, తోలు పోతాంది' అని ఈయప్ప అరిసేది. పిల్లోళ్ల మాదిరి. రామసుబ్బమ్మ ఏడుస్తాందో నగుతాందో నాకు తెలీల్యా. చెయ్యి ఊడినంక ఆయమ్మ ఎవుర్నీ అడగల్యా. పిస్తోళ్లు రెండూ చేటతో సహా సంకలో పెట్టుకుని, వచ్చి జీపెక్కి కూర్చునె. నారాయణప్ప బయట నిలబడి తల గోక్కుని, 'తిప్పయ్యా, ఎనకాల చోటుండాదా?' అనె.

ఇంటికొచ్చినంక మీ జేజి అందరికీ విస్తర్లేసె. బయ్యన్న చేతికి గుడ్డ చుట్టిండాది గదా, ఎడమ చేత్తో తడుముకుంటాండాడు. రామసుబ్బమ్మ వచ్చి పక్కన కూర్చునె. విస్తరి తన పక్కకు లాక్కుని, బువ్వలో పప్పూ నెయ్యీ కలిపి, ముద్ద చేసి ఆయప్ప నోట్లో పెట్టె. అంతంత మీసాలాయన నోరు తెరిచె. నారాయణప్ప, 'నాకెప్పుడన్నా అట్ల పెట్టినావే?' అనె. 'నువ్వు కూడా చేతికి లక్క పోయించుకుని రా, పెడతా' అనె. ఇల్లంతా ఒకటే నగు. బయ్యన్న మాత్రం నగల్యా. నమలల్యా కూడా. ముద్ద నోట్లో పెట్టుకుని చెల్లెలి మొగమే చూస్తా కూర్చునె. 'మింగన్నా' అనె ఆయమ్మ. 'మింగితే అయిపోతాది గదమ్మా' అనె.

...

ఏందప్పా, నా మొగం చూస్తావు? పో, పోయి ఆ ఎనుమును నీడకు కట్టు. ఎండలో నిలబడుండాది పాపం.