సన్యాసిరాజు ఇంట పొంగని పాలు

నా పేరు కాంతం. భర్త పేరు అచ్యుతరామయ్య. వయసు యాభై మూడు. వృత్తి గృహిణి అని మీరే రాసుకున్నారు. నాకు ఇల్లు లేదు కాబట్టి ఆ మాట ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. ప్రస్తుతం దువ్వాడలో ఒక అద్దె గదిలో ఉంటున్నాము. ఈ రోజు, అంటే 2004 ఫిబ్రవరి 16 సోమవారం, ఎస్.ఐ. వీర్రాజు గారు అడగగా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

మా వారు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. తోటివాళ్ళు ఫ్లాట్లు కొనుక్కున్నారు. మా వారు మాత్రం, సర్వీసంతా ఒకే షెడ్డులో ముందుకీ వెనక్కీ తిరిగాను, ఇక ఊళ్ళు చూడాలి అన్నారు. పాత మినీబస్సు ఒకటి కొని గాజువాకలో బాడీ కట్టే షెడ్డులో పెట్టారు. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, సిలిండర్, సింకు, బ్యాటరీ ఫ్యాను పెట్టించారు. చక్రాల మీద ఇల్లేమిటని నేను మొదట తిట్టాను. కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టాక తిట్టడం మానేశాను.

ఫిర్యాదు ఇచ్చిన సన్యాసిరాజు ఇన్సూరెన్సు ఏజెంటు. మా వారిని బావా అనీ, నన్ను అక్కా అనీ పిలిచేవాడు. బండికి పాలసీ రాయడానికి అతనే వచ్చాడు. రెండు దారులు ఉన్నాయన్నాడు. లోపల ఉన్న పొయ్యి, సిలిండర్, మంచాలు అన్నీ చూపించి ఇల్లు లాంటి బండి అని రాయించుకోవడం ఒకటి. మామూలు సొంత వ్యాను అని రాయించుకోవడం రెండోది. నేను అన్నీ రాయమన్నాను. కర్టెన్లు కూడా రాయమన్నాను.

అతను నవ్వి, "కర్టెన్లకి కూడా ఇన్సూరెన్సేటి అక్కా? పొయ్యి అని రాసేవనుకో, పై ఆఫీసోళ్ళు లచ్చ కొర్రీలేత్తారు. వేను అని రాసేత్తాను బావా, నా మీదొగ్గీ" అన్నాడు. మా వారు బావా అన్న పిలుపుకి పడిపోయి సంతకం పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఒప్పుకోలేదు, కానీ ఆపలేదు కూడా.

బండి తయారయ్యాక, ఇల్లు కాబట్టి గృహప్రవేశం చేశాము. మేమిద్దరం, సన్యాసిరాజు, అతని భార్య అనూరాధ, నలుగురమే. ఆడపడుచు పాలు పొంగించాలి కదా. మా వారికి అక్కచెల్లెళ్ళు లేరు. నేను అతనికి అక్కనైతే అతని భార్య మా వారికి చెల్లెలి వరస. అందుకని అనూరాధ చేతే పొంగించాము. పొయ్యికి బొట్టు పెట్టింది సన్యాసిరాజు. ఆ పాలతోనే పరమాన్నం వండాను. అతను జీడిపప్పులు ఏరుకుని తిన్నాడు. రెండోసారి వడ్డించాను. ఇంటి మనుషులమే కదా అని ఫోటోలు తీయలేదు.

పోయిన నవంబరులో అరకు వెళ్తుండగా, శృంగవరపుకోట దాటాక ఫ్యాను బ్యాటరీ వైరు కాలి మంటలు లేచాయి. సిలిండర్ పేలితే రోడ్డు మీద వాళ్ళు కూడా పోతారని మా వారు దాన్ని విప్పి ఒట్టి చేతులతో బయటికి లాగారు. సిలిండర్‌కి ఏమీ కాలేదు. బండి మిగల్లేదు. మా వారి రెండు చేతులూ కాలిపోయాయి.

ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు విచారణకి పిలిస్తే సన్యాసిరాజు, తాను చూసినప్పుడు బండిలో సీట్లు మాత్రమే ఉన్నాయనీ, పొయ్యి సంగతి తనకు తెలియదనీ, మేము తర్వాత పెట్టుకుని ఉంటామనీ చెప్పాడు. కంపెనీ ఆఫీసరు సీతారామాంజనేయులు గారు క్లెయిము కొట్టేశారు. మేము పొయ్యి దాచిపెట్టామని ఉత్తరంలో రాశారు. దాచిపెట్టామట. ప్లాంటులో అన్నేళ్ళు చేసి ఒక్క బోల్టు ఇంటికి తేని మనిషి మా వారు. ఆ ఉత్తరం చదివి వినిపించాక ఆయన మాట్లాడటం తగ్గించేశారు. బండి తాళంచెవి ఇప్పటికీ దిండు కింద పెట్టుకుని పడుకుంటారు.

నేను సన్యాసిరాజు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పమని అడిగాను. "నానేటి సెయ్యగలను అక్కా? నాకు తెల్సని సెప్తే నా ఏజెన్సీ పోద్ది. అయినా నువ్వన్నదానికి సాచ్చెం ఏటుంది?" అన్నాడు. ఆ మాట నాకు గుర్తుంది.

నిన్న ఆదివారం మధురవాడలో అతని కొత్త ఫ్లాటు గృహప్రవేశం. నన్ను పిలవలేదు. అక్కా అని పిలిచినవాడి ఇంటికి ఆడపడుచుకి వేరే పిలుపెందుకని వెళ్ళాను. ఉదయం ఎనిమిదిన్నరకి చేరాను. హాలు నిండా జనం. సీతారామాంజనేయులు గారు టిఫిను ప్లేటుతో వంటింటి గుమ్మం దగ్గరే ఉన్నారు. అనూరాధ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. నేను వెళ్ళి గ్యాసు కట్టేశాను. పాలు కిందికి దిగిపోయాయి.

"నా ఇంట్లో పొయ్యి లేదన్నావు తమ్ముడూ. మరి నీ ఇంట్లో మాత్రం ఎందుకు?" అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు.

అతను అందరి ముందూ అరిచాడు. "ఏటిది అక్కా! నీ బండిలో పాలు పొంగించిన్రోజు పొయ్యికి బొట్టెట్టింది నాను కాదా? మా ఆవిడి పొంగించలేదా? నీ సేతి పరమాన్నం తిని మీ మంచి కోరి రానేదా? నా ఇంట్లో పాలు ఆపేత్తావా?"

సీతారామాంజనేయులు గారు ప్లేటు కింద పెట్టేశారు. అప్పటికి గానీ అతనికి తానేమన్నాడో తెలియలేదు. కంగారుగా గిన్నె లాగాడు, పాలు అతని కాలి మీదే పడ్డాయి. నేను పోయలేదు. అతని మీద నాకు జాలి కలగలేదు. అనూరాధ ముఖం చూసి మాత్రం కలిగింది. ఆ పిల్ల నా కర్టెన్లని మెచ్చుకుంది.

నేను క్షమాపణ చెబితే అతను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడని మీరు పొద్దుటి నుంచి చెబుతున్నారు. రాజీ పడమంటున్నారు. నేను చెప్పను. అతన్నీ వెనక్కి తీసుకోనివ్వకండి. కేసు కట్టండి. సాక్షులుగా అతనే పేర్లు ఇచ్చాడని మీరే చదివి వినిపించారు. మొదటి పేరు సీతారామాంజనేయులు గారిది, రెండోది అనూరాధది. నేను చేసింది చెప్పడానికి వాళ్ళు బోనెక్కితే, అతను అన్నది కూడా చెప్పాలి. సాక్ష్యం ఏముందని నన్ను అడిగాడు. ఇప్పుడు తనే తెచ్చి ఇచ్చాడు. ఆ పేర్లలో ఒక్కటి కూడా తీసేయకండి. దానికోసం నాకు శిక్ష పడినా సరే.

ఇదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. మీరు ‘ఆవేశంలో గ్యాసు కట్టేశాను’ అని రాస్తే ‘ఆవేశంలో’ అనే మాట కొట్టేయించాను. నేను తెలిసే చేశాను. మా వారి సంతకం కూడా కావాలన్నారు. ఆయన పెన్ను పట్టుకోలేరు. వేలిముద్ర వేయిద్దామన్నా బొటనవేలి మీద గీతలు లేవు. ఇద్దరికీ కలిపి నేనే పెడుతున్నాను.

(సంతకం) కాంతం