గోడ నాడి డెబ్బై రెండు

2016 జూన్ 6న శ్రీమతి రేచల్ గారు నరసరావుపేటలోని మన సంస్థలో ప్రోగ్రామర్‌గా చేరారు. అంతకుముందు ఇదే ఊళ్లో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. తొలి ఏళ్లలో ఆసుపత్రుల బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల ప్రోగ్రాములు రాశారు. 2021లో, గుండె జబ్బు ఉన్నవారి చేతికి కట్టే స్మార్ట్‌వాచ్ యాప్ పనిని సంస్థ చేపట్టినప్పుడు, ఆ కోడ్ బాధ్యత స్వీకరించారు. వాచ్ నాడిని కొలుస్తుంది. ఆ అంకె ఇంట్లోవారి ఫోన్‌కు చేరుతుంది.

అప్పటికే రాసి ఉన్న ఆ కోడ్, నాడి అందనప్పుడు, పేషెంట్లు కంగారుపడకూడదన్న ఉద్దేశంతో ఎర్రర్‌ను దాచి, చివరిగా అందిన అంకెనే చూపుతూ ఉండేది. జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లోనూ "ఎర్రర్" అన్న మాటే తప్ప కారణం ఉండేది కాదు.

2022 ఫిబ్రవరిలో గురజాల దగ్గర మిరప చేలో, మన వాచ్ వాడుతున్న కరుణమ్మ గారు కళ్లు తిరిగి పడిపోయారు. ఆమె కోలుకున్నాక రేచల్ గారు బస్సెక్కి ఆ ఇంటికి వెళ్లారు. వాచ్ గోడ మేకుకు వేలాడుతోంది.

"చేతికి కట్టుకోలేదేమ్మా?"

"కాయ కోసేటప్పుడు బెల్టు కింద ఒకటే మంట తల్లీ. తీసి ఈడ తగిలించి పోతా."

"పడిపోయిన రోజు కూడా?"

"ఆ. మా క్రాంతిగాడికి ఫోన్ చేపిస్తే, 'డెబ్బై రెండు చూపిస్తంది, చానా బాగున్నావు, నాటకాలాడమాక' అన్నాడు. సాయంత్రం దాకా రాలా."

కొడుకు క్రాంతి కుమార్ తల వంచుకుని ఫోన్ అందించాడు. ఇప్పుడూ డెబ్బై రెండే. కరుణమ్మ గారు తొంగిచూసి, "ఏందిరోయ్, మన గోడకి గుండె కొట్టుకుంటంది!" అని నవ్వారు. రేచల్ గారు నవ్వలేకపోయారు.

మర్నాడు మేనేజర్ వెంకటకృష్ణ గారితో అన్నారు: "నాడి అందకపోతే అందడం లేదనే చూపిద్దామండీ."

"మేడమ్, తెలియదని చెప్పే వాచీని ఎవరు కొంటారు?"

"గోడకు నాడి చూసే వాచీని కొన్నారు కదండీ. ఆ సంగతి మనమే చెబుదాం."

వెంకటకృష్ణ గారు ఆమెను వెంటబెట్టుకుని, పేషెంట్లకు ఆ వాచ్‌లు ఇస్తున్న ఆసుపత్రికి వెళ్లారు. ఆసుపత్రివారు కోప్పడ్డారు, సరిచేసేదాకా కొత్త వాచ్‌లు వద్దన్నారు.

వేసవంతా రేచల్ గారు ఆ పనిలోనే ఉన్నారు. వాచ్ చేతి నుంచి తీసినా, ఫోన్‌తో సంబంధం తెగినా, ఛార్జింగ్ అయిపోయినా దేనికి తగ్గ సందేశం దానికి రాశారు. వాచ్‌లో జాగా తక్కువ కనుక, ఏదైనా మారినప్పుడే లాగ్‌లో నమోదయ్యేలా, అందులో పేషెంట్ పేరు పడకుండా చూశారు. ఎర్రర్‌ను మింగే కోడ్‌ను ఆ తర్వాత ఎవరు రాసినా ఆమె తిప్పి పంపేవారు.

మరుసటి కోతల్లో కరుణమ్మ గారు ఫోన్ చేశారు. "ఏం పెట్టావు తల్లీ అందులో? తీసి పక్కన పెడితే చాలు, మావాడు ఫోన్ చేసి ఒకటే అరుపులు!" డాక్టరును అడిగి, ఇప్పుడామె దాన్ని గుడ్డ పట్టీతో మోచేతి పైన కట్టుకుంటున్నారు. గత ఫిబ్రవరిలో నాడి నిజంగానే పడిపోయినప్పుడు క్రాంతి కుమార్ బండేసుకుని చేలోకి వెళ్లాడు. ఆమె ఇంటికి క్షేమంగా తిరిగొచ్చారు. అందుకు ఆ కుటుంబంతోపాటు మేమూ రేచల్ గారికి కృతజ్ఞులం.

ఈ డిసెంబరు 31న పదవీ విరమణ చేస్తున్న రేచల్ గారికి సంస్థ బహూకరిస్తున్న వాచ్‌లో ఆమె రాసిన కోడే నడుస్తుంది. ఆమె ఆయురారోగ్యాలతో చిరకాలం ఉండాలని, ఎప్పుడైనా ఆ వాచ్ "నాడి అందడం లేదు" అని చూపితే, అది ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి హాయిగా నిద్రపోతున్నందువల్లే కావాలని మనసారా కోరుకుంటున్నాము.